నీలం నీళ్ళలో చుక్క

శరణమ్మకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. ఎవరినీ అడగలేదు. అడిగితే భక్తి లేదంటారేమోనని భయం. నిజానికి భక్తి ఉన్నందుకే వచ్చిన సందేహం అది. శుక్రవారం నాడు తలస్నానం చేసి, మడితో వండి, పొయ్యి మీద నుంచి దించింది దించినట్టు పొగలు చిమ్మే అన్నం, పప్పు, ఇంత బెల్లం పాయసం అమ్మవారి పటం ముందర పెడుతుంది. ఇంట్లో ఎవరూ ముట్టకముందే, వాసన కూడా చూడకముందే అమ్మవారు తినాలి. బాగానే ఉంది. మరి అమ్మవారు ఆడమనిషే కదా! ఆమెకూ మొగుడున్నాడు, బిడ్డలున్నారు. ఆయన తిన్నాక తింటానని ఆమె ఏ శుక్రవారమూ అనలేదే! ఆమెకు ముందుగా, వేడివేడిగా పెట్టడం పుణ్యమైతే, వండిన ఆడమనిషి అందరూ తిన్నాక, అంతా చల్లారాక, గిన్నె అడుగున మిగిలింది గీక్కుని తినడం ఏ లెక్కన పుణ్యమైంది?

హారతి కళ్ళకు అద్దుకునేంతసేపు ఈ సందేహం ఉండేది. ఈలోగా కుక్కర్ కూత వేసేది. అత్త పంపమ్మ తన మాత్రల డబ్బా కోసం కేకేసేది. మొగుడు సిద్దేశ్‌కు కుడతిని కరెంటు ప్లాంటు బస్సు వచ్చే వేళయ్యేది. కూతురు అక్షతకు ఒక సాక్సు కనబడేది కాదు. సందేహం వచ్చే శుక్రవారానికి వాయిదా పడేది.

శరణమ్మ చిన్నాచితకా మనిషి కాదు. బళ్ళారిలో పిల్లల రక్తం జబ్బుల డాక్టరు, మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే ప్రొఫెసరు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పిల్లలు, దెబ్బ తగిలితే రక్తం ఆగని పిల్లలు, కాపలా ఉండాల్సిన కణాలు దొంగను వదిలేసి ఇంటివాళ్ళనే పట్టి కొట్టే జబ్బుల పిల్లలు, చుట్టుపక్కల తాలూకాల నుంచి, ఆంధ్రా పల్లెల నుంచి ఆమె దగ్గరికే వస్తారు. బయట పదిమంది కుర్ర డాక్టర్లు ఆమె వెనకాల నోటుపుస్తకాలతో నడుస్తారు. సత్యనారాయణపేటలో ఇంటి గడప దాటి లోపలికొస్తే మాత్రం, "ఏందమ్మా, ఇంత పెద్ద డాక్టరువి, పప్పులో ఉప్పు మర్చిపోయినావు" అని మొగుడు నవ్వుతాడు. ఆ నవ్వులో విషమేమీ లేదు. ఉప్పు డబ్బా ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంటుందన్న సంగతి ఆయనకు తెలియదు, అంతే.

ఈ ఊళ్ళో ఎవరు ఎదురుపడినా మొదట అడిగే మాట, "ఊట ఆయ్తా?" అని. భోజనం అయిందా అన్నమాట. ఆటోవాడు అడుగుతాడు, వార్డు ఆయా అడుగుతుంది, పక్కింటి పక్కీరమ్మ గోడ మీదుగా అడుగుతుంది. దానికి అందరూ "ఆయ్తు" అంటారు. అయింది అని. అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగరు. శరణమ్మ కూడా రోజుకు ఇరవైసార్లు "ఆయ్తు, ఆయ్తు" అనేది. అందులో సగానికి సగం అబద్ధం. సోమవారం శివుడికి ఒక్కపొద్దు, శనివారం ఆంజనేయస్వామికి ఒక్కపొద్దు, మిగతా రోజులు టైము దొరకని ఒక్కపొద్దులు.

ఇక ఆమెకున్న అప్పు సంగతి.

పన్నెండేళ్ళ కిందట, శరణమ్మ ఇంకా పిల్లల వైద్యం చదువుకుంటున్నప్పుడు, అక్షత పుట్టింది. కాన్పు కాగానే ఆమెకు రక్తం పోవడం మొదలై, ఆగలేదు. ఆమెది బి నెగటివ్. ఊళ్ళో వెతికితే దొరకని గ్రూపు. ఆ రోజు బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపుది ఒక్కటంటే ఒక్క ప్యాకెట్టు ఉంది. దాని మీద అప్పటికే ఒక పేరు రాసి పెట్టారు. ఇనుప గనులుండే దోణిమలై నుంచి వచ్చిన రెండేళ్ళ పిల్ల, షాలోమ్. తలసీమియా జబ్బు. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తేనే బతికే పిల్ల. మర్నాడు పొద్దున ఎక్కించాలి. బ్యాంకువాళ్ళు ఏం చేయాలో తోచక ఆ పిల్ల తల్లి జయశీలనే అడిగారు.

"ఆయమ్మకే ఇయ్యండి. పసిబిడ్డకు తల్లి కావల్ల గదా" అందట జయశీల. "మా షాలోమ్ రెండు దినాలు తాళుతాది. ప్రభువు చూసుకుంటాడు. ఆయమ్మ కోలుకున్నాక మా ప్యాకెట్టు మాకిస్తే సాలు."

ఆ రెండు దినాలు నాలుగైనాయి. హొసపేట నుంచి ఎవరో దాత వచ్చేదాకా ఆ పిల్ల తెల్లగా పాలిపోయి మంచం మీద పడి ఉందని శరణమ్మకు తర్వాత తెలిసింది. ఆమె పిల్లల రక్తం చదువులోకి పోవడానికి ఆ ప్యాకెట్టు కూడా ఒక కారణం. బెంగళూరుకు పోయి చదివి వచ్చాక షాలోమ్ ఆమెకే పేషెంటైంది. మూడు వారాలకొకసారి జయశీల వార్డులో కనబడగానే నవ్వుతూ అడిగేది:

"ఏం డాక్టరమ్మా, మా ప్యాకెట్టు ఎప్పుడిస్తాండావు?"

"ఇస్తానమ్మా, ఇస్తాను. యాడికి పోతాను?"

హాస్యానికే అడిగేది. శరణమ్మకు మాత్రం లోపల ముల్లు గుచ్చినట్టుండేది. ఎందుకంటే ఆమె ఇవ్వడానికి పోలేదని కాదు. నాలుగైదుసార్లు పోయింది. ప్రతిసారీ ఆమె రక్తమే కాదంది.

రక్తం తీసుకునే ముందు వేలు గుచ్చి ఒక చుక్క తీస్తారు. మైలుతుత్తం కలిపిన నీలం నీళ్ళ గ్లాసులో ఆ చుక్క వదులుతారు. రక్తంలో సత్తువ ఉంటే చుక్క మునిగిపోతుంది, ఆ మనిషి రక్తం ఇవ్వొచ్చు. తేలితే, ఇంటికి పోయి బాగా తినమని పంపించేస్తారు. శరణమ్మ చుక్క ఎప్పుడూ తేలేది. ఎవరికీ చెప్పకుండా పోయి, ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చేది. నాలుగు రోజులు ఇనుము మాత్రలు వేసుకునేది, అవీ పొద్దున నిలబడి తాగే కాఫీతో పాటు. కాఫీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదని క్లాసులో తనే పాఠం చెబుతుంది. ఐదో రోజు మర్చిపోయేది.

చుక్క తేలే సంగతి అందరికీ తెలిసిపోయింది మాత్రం ఈ ఏడు శివరాత్రికి ముందు. కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. బ్యానరు కట్టించడం, మంచాలు వేయించడం, జ్యూసు, బిస్కెట్లు తెప్పించడం అన్నీ శరణమ్మకే. "ఇట్లాంటివి ఆడవాళ్ళకైతేనే తెలుస్తాయి" అన్నారు డిపార్ట్‌మెంటు పెద్దాయన. రెండొందల మంది విద్యార్థుల ముందు మైకు పట్టుకుని, "మొదటి రక్తం మన రక్తం డాక్టరుగారిదే!" అని కూడా ఆయనే ప్రకటించారు. చప్పట్లు మోగాయి. తప్పించుకునే దారి లేదు. బ్లడ్ బ్యాంకు లక్ష్మన్న వేలు గుచ్చి చుక్కను నీలం నీళ్ళలో వదిలాడు. ఆ చుక్క పిలవని పేరంటానికి వచ్చినదానిలా దిక్కులు చూస్తూ పైపైనే నిలబడింది. లక్ష్మన్న గ్లాసును కొంచెం కదిపాడు. ఊహూ.

"ఏమమ్మా శరణమ్మా! రక్తం డాక్టరుకే రక్తం లేదా?" పెద్దాయన పకపకా నవ్వారు. "పోనీలే, జ్యూసులు పంచండి. ఆ పనికి రక్తం అక్కర్లేదు."

పంచింది. ప్రతి పిల్లకూ, పిల్లాడికీ నవ్వుతూనే ఇచ్చింది. జ్యూసు రక్తమిచ్చినవాళ్ళకే కాబట్టి తను తాగలేదు.

అదే వారం షాలోమ్ రక్తం కోసం వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల ఇప్పుడు. రెండు జడలు, కోడిపిల్ల గొంతు, నోటికి తాళం లేదు. కబురు ఆ పిల్లకు ముందే చేరిపోయింది.

"మీ చుక్క తేలిందంట కదా మేడం! ఎక్కించిన రక్తంతో నా ఒంట్లో ఇనుము ఎక్కువైందని తీసేదానికి మాత్ర ఇస్తిరి. మీ ఒంట్లో లేదని ఎక్కేదానికి మాత్ర. నాది తీసి మీకు పోస్తే ఇద్దరికీ సరిపోతాది గదా?"

"అట్లా మార్చుకునేట్టుంటే నాకు ఉద్యోగం ఎందుకే?"

"మా దోణిమలైకి వచ్చి నాలుగు దినాలు గాలి పీల్చండి మేడం" అంది జయశీల. "ఆ ఎర్ర దుమ్ములో ఉండేదంతా ఇనుమే. మా ఇంటాయన చొక్కా ఉతికిన నీళ్ళు తాగినా సాలు."

ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక జయశీల గొంతు తగ్గించింది. "నవ్వులాటకు కాదు గానీ డాక్టరమ్మా, మళ్ళా ఎండలొస్తాండాయి. పోయినేడు గుర్తుండాది కదా."

గుర్తుంది. వేసవిలో కాలేజీలకు సెలవులు. రక్తమిచ్చే పిల్లలు ఊళ్ళకు పోతారు. పోయిన మే నెలలో షాలోమ్ రెండుసార్లు బస్సెక్కి వచ్చి, బి నెగటివ్ లేక ఉత్త చేతులతో తిరిగిపోయింది. మూడోసారి తండ్రి జీవానందం ఎత్తుకుని తెచ్చాడు. ఈసారి అట్లా కాకూడదు. వేసవి నడిమికల్లా తన చుక్క మునగాలి. శరణమ్మ మనసులో అనుకున్నది అంతే.

ఆ రాత్రి ఇంట్లో శిబిరం సంగతి చెప్పింది. "మాత్రలు మింగు. ఊరందరికీ రాస్తావు, నీకు నువ్వు రాసుకోలేవా?" అన్నాడు సిద్దేశ్, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా. "ఎవరికన్నా చెప్పుకునేవు, నగుబాటు" అంది అత్త. ఇద్దరి మాటల్లోనూ తప్పులేదు. కానీ ఏ తల్లి వచ్చి బిడ్డ పాలిపోయిందని చెప్పినా శరణమ్మ మాత్రతో మొదలుపెట్టదు. ముందు అడుగుతుంది: పొద్దున ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది, ఎవరితో కూర్చుని తిన్నది? ఆ రాత్రి అంట్లు తోముతూ తనను తానే ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి అడిగింది. పొద్దున కాఫీ. తర్వాత? ఇంకో కాఫీ. మధ్యాహ్నం డబ్బాలో ఉన్నదాంట్లో సగం, రౌండ్సు మధ్యలో, నిలబడి. ఆకుకూర? వండాను. తిన్నారా? అక్షత రెండోసారి అడిగింది, వేసేశాను. రాత్రి? అందరూ తిన్నాక రొట్టె ఒకటుంటే ఒకటి, లేకుంటే మజ్జిగన్నం. ఇట్లా ఎన్నేళ్ళ నుంచి? పెళ్ళైనప్పటి నుంచి. ఎవరైనా తినొద్దన్నారా? లేదు. ఎవరూ అనలేదు. అదే చిక్కు. అన్నవాళ్ళుంటే ఎదురు చెప్పొచ్చు. ఎవరూ అనకుండానే జరిగిపోయేదానికి ఎవరికి ఎదురు చెప్పేది? మా అమ్మా అట్లాగే తిన్నది, అత్తా అట్లాగే తిన్నది. ఈ ఊరి చుట్టూ ఇనుప కొండలు, కిటికీ ఊచల మీద ఇనుప దుమ్ము, వార్డులో పిల్లల ఒంట్లోంచి ఇనుము తోడిపోయడమే నా పని. నా రక్తంలో మాత్రం చిటికెడు ఇనుము లేదు. ఇదే కేసు క్లాసులో పెడితే కుర్ర డాక్టర్లు ఎన్ని పరీక్షలు రాస్తారో! జబ్బు ఒంట్లో లేదు, వంటింట్లో ఉంది.

మర్నాడు శుక్రవారం. అమ్మవారి ముందు నైవేద్యం పెట్టి గంట వాయించింది. సందేహం దాని వేళకు అది వచ్చింది. ఈసారి కుక్కర్ కూతేసినా పోనివ్వలేదు. అమ్మవారి మొహంలోకి చూసింది. తల్లీ, నీకు కోపమొస్తే చెప్పు, అనుకుంది. పటంలో అమ్మవారు ఎప్పటిలాగే నవ్వుతూ ఉంది, కడుపు నిండిన మనిషిలాగా. శరణమ్మ లేచి, ఒక కంచంలో వేడి అన్నం, పాలకూర పప్పు వేసుకుని, నిమ్మకాయ పిండుకుని, కూర్చుంది. కూర్చుని తినడం మొదలుపెట్టింది.

సిద్దేశ్ తల తుడుచుకుంటూ వచ్చి ఆగిపోయాడు. "ఏంది, ఒంట్లో బాగలేదా?"

"బాగుండాలనే తింటాండా."

"కాదు, ముందే కూర్చుంటివి కదా, జొరమేమో అనుకుంటి."

పంపమ్మ మాత్రల డబ్బాతో వచ్చింది. కంచం చూసింది, కోడలిని చూసింది. "ఏందమ్మా ఇది? మొగోడు పనికి పోయే వేళ. వాడు తినకముందే?"

"అత్తా, అమ్మవారు ముందర తినింది. వేడివేడిగా. ఆమె కూడా ఆడదే కదా, ఎవరి కోసమన్నా కాచుకున్నదా?"

"దేవుళ్ళ మాట వేరే!"

"అవునత్తా. దేవుళ్ళకు వేలు గుచ్చి చుక్క తీయరు."

అత్త గరిటె అందుకుంది. కొడుకు కంచంలో తనే వడ్డించింది, చప్పుడయ్యేలా. ఆ రోజే కాదు, తర్వాత వారం రోజులూ ఆ ఇంట్లో గరిటెలు కొంచెం గట్టిగానే మోగాయి. "ఇప్పటి కాలం ఆడోళ్ళకు ఆకలి బేగ అవుతాది" అని పంపమ్మ గోడ మీదుగా పక్కీరమ్మతో అంటుంటే, శరణమ్మ ఆ మాటను కూడా పప్పులో కలుపుకుని తినేసింది. ఒక్కపొద్దులకు కూడా అమ్మవారితో, శివుడితో, ఆంజనేయస్వామితో ఒక ఒప్పందం చేసుకుంది. ఉపవాసం బదులు దీపం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వాళ్ళెవరూ కాదనలేదు.

ఇంటి తీరు మారింది మాత్రం ఒక ఆదివారం జొన్న రొట్టెల దగ్గర.

జొన్న రొట్టె సంగతి బళ్ళారిలో వేరే చెప్పక్కర్లేదు. పెనం మీద ఉబ్బింది ఉబ్బినట్టు, చేయి కాలేటప్పుడే తుంచాలి. చల్లారితే అట్టముక్క. రొట్టె కొట్టే మనిషికి ఎప్పుడూ అట్టముక్కే మిగులుతుంది. ఆ ఆదివారం శరణమ్మ మూడో రొట్టె తన కంచంలో వేసుకుని, పొయ్యి తగ్గించి, అక్కడే పీట మీద కూర్చుంది. వంకాయ కూర, కారప్పొడి, పైన ఇంత వెన్న. పంపమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. ఏదో అంటుందని శరణమ్మ కాచుకుంది. అత్త మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా పక్కన కూలబడింది.

"నాకూ ఒకటి ఇయ్యి. వేడిది."

శరణమ్మ తన రొట్టె సగం తుంచి పెట్టింది. పంపమ్మ వెన్న కారుతున్న ముక్కను నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "నా చేత్తో ఎన్ని రొట్టెలు కొట్టినానో ఆ దేవునికే తెలుసు" అంది. "పెనం మీద నుంచి దిగింది దిగినట్టు తినింది ఇదే మొదలు. ఏమే, ఇంత రుచిగా ఉంటాదని ఒక్కరూ చెప్పలేదే!" ఇంకో ముక్క నోట్లో ఉండగానే హాల్లోకి కేకేసింది. "ఏమప్పా సిద్దేశా! యాడుండావు? ఈడికి రా. ఆ పెనం మీద రొట్టె తిప్పు."

"నేనా?"

"అంత పెద్ద బాయిలర్ తిప్పుతాండావంట కదా. రొట్టె తిప్పలేవా?"

తిప్పాడు. మొదటిది మాడింది. రెండోది పొయ్యి మీద పడింది. మూడోది దేశపటంలా వచ్చింది. అక్షత పడీపడీ నవ్వి, ఫోన్లో ఫోటోలు తీసింది. మాడిన రొట్టె ఎవరు తినాలన్న మాట వచ్చినప్పుడు, అలవాటు కొద్దీ శరణమ్మ చేయి ముందుకు పోయింది. పంపమ్మ ఆ చేతి మీద ఒక్కటేసింది. "మాడ్చినోడే తింటాడు."

ఇవన్నీ ఒక్కరోజులో కుదిరిపోయాయని కాదు. మధ్యలో ఎన్నోసార్లు మళ్ళీ చల్లని అన్నమే తిన్నది. కానీ నిమ్మరసంతో మాత్ర మింగింది, కాఫీని రెండు గంటలు దూరం పెట్టింది. షాలోమ్ వచ్చినప్పుడల్లా ఇద్దరూ నాలుకలు చాపి, మింగామని సాక్ష్యం చూపించుకునేవాళ్ళు. మార్చి నెలలో కాలేజీలో పెద్ద సదస్సు వచ్చినప్పుడు, "శరణమ్మా, భోజనాల ఏర్పాటు మీదే" అన్నారు పెద్దాయన. "నేను పాఠం చెప్పడానికి వస్తాను సార్. భోజనం చేయడానికీ వస్తాను. ఏర్పాటు ఈసారి ఇంకెవరైనా చూస్తారు" అంది నవ్వుతూనే. ఆయన చాలాసేపు ఆలోచించి క్యాంటీనువాడికి చెప్పారు. భోజనం బాగానే ఉంది.

ఏప్రిల్ చివర, ఎండ నిప్పులు చెరుగుతున్న రోజు, శరణమ్మ బ్లడ్ బ్యాంకుకు పోయింది. ఫ్రిజ్‌లో బి నెగటివ్ ఒక్కటీ లేదు. షాలోమ్ ఆ వారమే రావాలి. లక్ష్మన్న ఆమెను చూసి, శిబిరం గుర్తొచ్చి, ఇబ్బందిగా నవ్వాడు. ఖాళీ కడుపు మీద ఎవరి రక్తమూ తీయకూడదు కాబట్టి మొదట అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"ఊట ఆయ్తా మేడం?"

ఈసారి అడిగిన మనిషి జవాబు కోసం ఆగాడు.

"ఆయ్తు లక్ష్మన్నా" అంది శరణమ్మ. "రెండు రొట్టెలు, మెంతాకు పప్పు. వేడివేడిగా. కూర్చుని."

లక్ష్మన్న వేలు గుచ్చాడు. చుక్క నీలం నీళ్ళ మీద పడింది. ఒక్క క్షణం పాత అలవాటు కొద్దీ పైనే ఆగినట్టు ఆగింది. అమ్మా, తల్లీ, అనుకుంది శరణమ్మ. అంతే. చుక్క ఎర్ర గింజలా బిగుసుకుని, తిన్నగా, ఎక్కడా తడబడకుండా గ్లాసు అడుక్కు దిగిపోయింది.

"మునిగింది మేడం!" లక్ష్మన్న అరుపుకు పక్కగదిలోంచి ఇద్దరు తొంగిచూశారు.

రక్తమిచ్చి మంచం దిగాక అతను జ్యూసు ప్యాకెట్టు ఇచ్చాడు. ఎన్ని వందల మందికి పంచిందో ఆ జ్యూసు. మామిడిపండుదని మొదటిసారి తెలిసింది. అడుగున గుర్రుమని శబ్దమొచ్చేదాకా పీల్చి తాగింది.

రక్తానికి పరీక్షలన్నీ అయి, రెండు రోజుల తర్వాత షాలోమ్ మంచం పక్కన ప్యాకెట్టు వేలాడింది. ప్యాకెట్టు మీద దాత పేరుండదు. కానీ ఆ వారం ఊరు మొత్తానికీ బి నెగటివ్ ఒక్కటే అని వార్డులో అందరికీ తెలుసు. జయశీల తల మీద కొంగు కప్పుకుని, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేసుకుంది. శరణమ్మ కూడా లోపల తన అమ్మవారికి దండం పెట్టుకుంది. ట్యూబులో మొదటి చుక్క రాలింది.

"ఇందులో మెంతాకు పప్పు ఉండాదా మేడం?" అంది షాలోమ్.

"రెండు రొట్టెలు కూడా ఉండాయి. నోరు మూసుకుని పడుకో."

జయశీల కళ్ళు తుడుచుకుని నవ్వింది. తన సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి మూత విప్పింది. ఇంకా పొగలు పోతున్నాయి. మొదటి ముద్ద కలిపి, శరణమ్మ చేతిలో పెట్టింది.

"మా ప్యాకెట్టు మాకొచ్చింది డాక్టరమ్మా" అంది. "ముందర నువ్వు తిను."